మనము కట్టనివి చూడబోవునప్పుడు



సెలవులు వచ్చినప్పుడెల్ల మన గ్రామములలో ఒక క్రొత్త వాడుక బలపడుచున్నది. నాలుగైదు కుటుంబములవారు కలిసి ఒక వ్యాను మాటలాడుకొని, తెల్లవారుజాముననే పులిహోర మూటలు, నీళ్ల డబ్బాలు ఎక్కించుకొని, ఒక కోటనో, ఒక ఆనకట్టనో, ఒక జలపాతమునో చూచి రాత్రికి ఇల్లు చేరుచున్నారు. మా తండ్రుల కాలములో ప్రయాణమనగా పెండ్లికి, చావునకు, ఆస్పత్రికి, మహాసభలకు మాత్రమే. ఊరకే చూచుటకు ప్రయాణము చేయుట కలిగినవారి పని అనుకొనెడివారు. ఇప్పుడు కూలిచేసికొని బ్రదుకు కుటుంబములు సయితము ఏడాదికొక దినము పిల్లలను వెంటబెట్టుకొని పోగలుగుచున్నవి. ఇది చూచి సంతోషించువారిలో నేనొకడను.

అయితే మొన్న ఒక కుటుంబ ప్రార్థన ముగిసిన పిమ్మట మా సంఘపెద్దలలో ఒకరు నన్ను వాకిట నిలిపి అడిగిరి: "అయ్యగారూ, రాళ్లూ నీళ్లూ చూడ్డానికి తలకింతని పోగేసి పోతున్నారే, ఇది మనకు తగునా? ఆ డబ్బుతో ఒక బీదపిల్లకు పుస్తకాలు కొనొచ్చు గదా. పైగా కన్ను ఆశపడిన చోటికల్లా కాలు పోవడం మంచిదేనా?"

ఈ మాటలో రెండు ప్రశ్నలున్నవి. డబ్బునుగూర్చిన దానికి జవాబు చిన్నది. అప్పు చేసి విహారమునకు పోవుట తప్పు. పొరుగింటివారు పోయిరి గనుక మనమును పోవలెనని పంతము పట్టుట అంతకంటె తప్పు. కష్టపడి సంపాదించిన దానిలో ఒకటి రెండు దినముల కూలిని ఇంటివారి సంతోషమునకు వెచ్చించుట పాపమని నాకు లేఖనములలో ఎక్కడను కనబడలేదు. బీదపిల్ల పుస్తకములకు ఈయదలచినవాడు విహారమునకు పోయినను ఇచ్చును. ఈయనొల్లనివాడు ఇంటనే కూర్చుండినను ఈయడు. బేతనియలో అత్తరు పూసినప్పుడు బీదలమాట ఎత్తినవాని సంగతి మీరెరుగుదురు. (మా పెద్దాయనను అతనితో పోల్చుచున్నానని ఎవరును అనుకొనవద్దు. ఆయన చేతినుండి ఎందరి పిల్లలకు పలకలు, పుస్తకములు వచ్చినవో ఊరంతయు ఎరుగును.)

కన్నునుగూర్చిన ప్రశ్నయే నన్ను కొన్ని దినములు ఆలోచింపజేసినది. నలుబది యెనిమిదవ కీర్తన తీసి చదువుడి. సీయోను చుట్టు తిరుగుమనియు, దాని బురుజులను లెక్కపెట్టుమనియు, ప్రాకారములను, నగరులను శ్రద్ధగా చూడుమనియు కీర్తనకారుడు ప్రజలను పిలుచుచున్నాడు. అది యాత్రికునికిచ్చిన పిలుపే. అయితే ఆ చూచుట దేనికొరకు? తరువాతి తరమునకు చెప్పుటకొరకు. యెహోషువ నాలుగవ అధ్యాయములోను ఇట్లే యున్నది. యొర్దాను నడుమనుండి పండ్రెండు రాళ్లు మోసికొని వచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ఎందుకనగా, ఒకనాడు పిల్లలు ఈ రాళ్లేమిటని తండ్రులనడుగుదురు. అప్పుడు తండ్రులు జవాబు చెప్పవలెను. మన ప్రభువు సయితము పండ్రెండేండ్ల ప్రాయమున తల్లితోను, యోసేపుతోను, బంధువుల గుంపుతోను కలిసి యెరూషలేమునకు పండుగ ప్రయాణము చేసెను.

కాబట్టి చూడబోవుట తగునా అనినచో తగును. చూచివచ్చి పిల్లలకు మనమేమి చెప్పుచున్నామని అడిగినచో జవాబు అంత సులభము కాదు.

సాధారణముగా మనము చెప్పునది ఒక్క వాక్యమే. "దీన్ని ఫలానా రాజు కట్టించాడు." గోడమీది పలక చూచి చదువుదుము, పిల్లవాడు తలయూపును, అందరము ముందుకు సాగుదుము. మన తెలుగుభాషలో ఒక నిజాయితీ యున్నది. రాజు కట్టెనని మనమనము, కట్టించెననుచున్నాము. చెరువు త్రవ్వించెను, కోట కట్టించెను, కొండ తొలిపించెను. అనగా చేసినవారు వేరు అని ఆ మాటయే ఒప్పుకొనుచున్నది. కాని ఒప్పుకొని ఊరకుండుచున్నది. కట్టించినవానికి పేరున్నది, పుట్టిన దినమున్నది, చచ్చిన దినమున్నది. కట్టినవారందరును కలిసి ఆ 'ఇంచు' అను రెండక్షరములలో ఇమిడిపోయిరి.

పరిశుద్ధ గ్రంథము ఈ విషయములో మన పలకలకంటె కొంత మేలు. సొలొమోను మందిరమును గూర్చి చెప్పునప్పుడు దాని బంగారమును, దేవదారు పలకలను మాత్రమే వర్ణించి విడిచిపెట్టలేదు. లెబానోనునకు పంపబడిన వెట్టివారు 30,000 మంది, బరువులు మోయువారు 70,000 మంది, కొండలలో రాళ్లు కొట్టువారు 80,000 మంది, వారిమీద అధికారులు 3,300 మంది అని రాజుల మొదటి గ్రంథము అయిదవ అధ్యాయములో లెక్క వ్రాయబడియున్నది. దేవుని మందిరమునకు ఏడు సంవత్సరములు, రాజుగారి నగరునకు పదుమూడు సంవత్సరములు పట్టినవనియు ఆ గ్రంథములోనే యున్నది. ఆ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి గ్రంథకర్త ఏమియు వ్యాఖ్యానించలేదు, చదువువారికే విడిచెను. పండ్రెండవ అధ్యాయమునకు వచ్చునప్పటికి ఆ బరువు మోసిన జనుల కుమారులు రెహబాము ఎదుట నిలిచి, నీ తండ్రి పెట్టిన కాడి బరువైనది, కొంచెము తేలిక చేయుమని బ్రతిమాలిరి. అతడు వినలేదు. వెట్టిపనిమీది అధికారిని జనులు రాళ్లతో కొట్టి చంపిరి, రాజ్యము రెండుగా చీలిపోయెను. మందిరమును చూడవచ్చిన పరదేశులకు ఆ చీలిక గోడలలో కనబడియుండదు.

ఇక మనకు దగ్గరనున్న చోటికి వత్తము. మన పల్నాటివారికి విహారమనగా మొదట తోచునది నాగార్జునసాగరము. ఒక్క దినములో ఆనకట్ట, లాంచీమీద నాగార్జునకొండ, తిరుగుదారిలో ఎత్తిపోతల, మూడును చూచి రావచ్చును. గత దసరా సెలవులలో మా ఇంటివారమును, మరి మూడు కుటుంబములవారమును కలిసి పోయితిమి.

ఆనకట్టకు పండిత జవహర్‌లాల్ నెహ్రూగారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. ఇప్పటి లెక్కలో ఒక గట్టు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా, అవతలి గట్టు తెలంగాణలోని నల్లగొండ జిల్లా. ఇవన్నియు పలకలమీదను, పుస్తకములలోను దొరకును. అది రాతికట్టడమను సంగతిని మాత్రము చాలమంది మరచుచున్నారు. అంత రాతిని యంత్రములే పైకి చేర్చలేదు. వేలకొలది స్త్రీపురుషులు తలమీద చుట్టకుదురు పెట్టుకొని, రాయి, ఇసుక మోసి, ఒకరివెనుక ఒకరు ఎక్కుచు దిగుచు పండ్రెండేండ్లు కట్టిరి. ఆనాటి ఛాయాచిత్రములలో ఆ మనుష్యులు చీమల బారువలె కనబడుదురు. ముఖములు తెలియవు.

లాంచీలో మా ప్రక్కన ఒక పెద్దమనిషి కూర్చుండెను. డెబ్బదేండ్లకు దగ్గరవాడు. మనుమనికి వేరుశనగకాయలు ఒలిచి పెట్టుచున్నాడు. లాంచీ నడినీటికి వచ్చినప్పుడు అతడు చేయిచాచి, "మా ఊరు అక్కడ్నే ఉండేది" అనెను. మా చిన్నది అతనివైపు తిరిగి, "నీళ్లల్లోనా తాతా?" అనెను. "అప్పుడు నీళ్లు లేవమ్మా. బావి ఉండేది. చింతచెట్టు ఉండేది. నీ ఈడు పిల్లోణ్ణప్పుడు బండెక్కించి తీసుకుపోయారు." కొంతసేపటికి మరల అతడే నావైపు చూచి, "ఈ నీళ్లే గదండీ ఇప్పుడు మా అల్లుడి చేలోకి వచ్చేది" అనెను. ఆ రెండు మాటలను అతడు ఒకే గొంతుతో చెప్పెను. ఫిర్యాదు చేయలేదు, గొప్ప చెప్పుకొనలేదు. మావలెనే టిక్కెట్టు కొని, మనుమనికి చూపుటకు వచ్చెను.

లాంచీ దిగి కొండమీదికి పోయితిమి. అది ఒకప్పుడు లోయనడుమ నిలిచిన కొండ, నీరు నిండిన పిమ్మట ద్వీపమైనది. సుమారు 1700 ఏండ్ల క్రిందట ఆ లోయలో ఇక్ష్వాకురాజుల పట్టణమైన విజయపురి యుండెను. బౌద్ధ విహారములు, స్తూపములు, స్నానఘట్టములు, మెట్లుమెట్లుగా ఆసనములున్న రంగస్థలము, ఇన్నియు అందుండెను. ఆ శిథిలములు 1926లో వెలుగులోనికి వచ్చినవి. ఆనకట్ట కట్ట నిశ్చయించిన తరువాత 1954 మొదలు 1960 వరకు పురాతత్త్వశాఖవారు లోయయంతయు త్రవ్వి చూచిరి. ముఖ్యమైన కట్టడములను కొన్నిటిని రాయి రాయిగా విప్పి, కొండమీదికిని అనుపు గట్టుకును చేర్చి, మరల పేర్చి నిలిపిరి. 1966లో ద్వీపముమీద మ్యూజియము ఏర్పడినది. నీరు వచ్చి ముంచకమునుపే పరుగెత్తి రక్షించిన పని అది. మెచ్చుకొనదగిన పనియే.

అచ్చటి శాసనములు చదివినవారు చెప్పుదురు: రాజు వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు చేసిన దానములు, బోధిసిరి అను ఉపాసిక కట్టించిన కట్టడముల జాబితా, ఇవన్నియు రాతిమీద చక్కగా నిలిచియున్నవి. యుద్ధములో పడిన సైనికులకు సయితము జ్ఞాపకస్తంభములు దొరికినవి. దానము చేసిన స్త్రీల పేర్లు పదునేడు వందల ఏండ్లు నిలుచుట నాకు మంచిదిగానే తోచినది. కాని మా లాంచీలోని పెద్దమనిషి ఊరి పేరు ఆ కొండమీద నాకెక్కడను కనబడలేదు. పాతరాళ్లకు అంకెలు వేసి జాగ్రత్తగా పైకి మోసిరి. ఊళ్లనుండి బండ్లెక్కిన మనుష్యుల సంగతి ఎవరి నోటనైన వినవలసినదే. రాళ్లను రక్షించిన పండితులమీద నేను నేరము మోపుటలేదు, వారు తమకప్పగించిన పని చేసిరి. చూడవచ్చిన మనము అడుగవలసిన ప్రశ్న మిగిలియున్నది.

ఇక్కడ కొందరడుగవచ్చును: అది బౌద్ధుల స్థలము గదా, క్రైస్తవునికి అక్కడేమి పని? పౌలు ఏథెన్సు వీథులలో తిరుగుచు అక్కడివారు పూజించు వాటిని శ్రద్ధగా చూచెను, బలిపీఠముమీది వ్రాతను సయితము చదివెను. అంతకుమించి ఈ ప్రశ్నమీద నాకు చెప్పవలసినది లేదు.

మరియొక అడ్డుమాట దీనికంటె బలమైనది. ఏడాదికొక దినము సంతోషముగా గడపవచ్చిన బిడ్డలకు మునిగిన ఊళ్ల కథలు, మోసినవారి చెమట చెప్పి వారి ఆనందము చెడగొట్టనేల? ఈ మాటను నేను తేలికగా తీసివేయను. మేము ఎత్తిపోతలకు చేరునప్పటికి సాయంకాలమైనది. చంద్రవంక వాగు సుమారు డెబ్బది అడుగుల ఎత్తునుండి దూకుచున్నది. చూచుటకు కట్టిన గట్టుమీద నిలిచి మా పిల్లలు ఊపిరి బిగబట్టిరి. ఆ తుంపర, ఆ హోరు వారిని పట్టుకొన్నప్పుడు నేనొక్క మాటయు చెప్పలేదు. చెప్పనక్కరలేదు. దేవుడు యోబుతో మాటలాడినప్పుడు మనుష్యులు కట్టిన దానినొక్కటినైనను చూపలేదు. సముద్రమును, మంచును, అడవిగాడిదను, పక్షిరాజును చూపెను. మానవుడు చేయనివాటిని చూచి నోరుమూసికొనుట ఆత్మకు ఆరోగ్యము. అట్టి గడియలో పాఠము చెప్పబోవు తండ్రి, పాడుచున్నవానిని ఆపి రాగము పేరు అడుగువానివంటివాడు.

తమాషా ఏమనగా, ఆ జలపాతము ఏడాది పొడవున ఆగక పారుటకు సాగరు కుడికాలువనుండి కొంతనీరు పైవాగులోనికి వదలుచుందురు. దేవుని చేతిపనియని మనము నిశ్చింతగా చూచిన దానిలోను కట్టినవారి చెమట కలిసియున్నది! ఇది తెలిసిన తరువాత నాకు జలపాతము అందము తగ్గలేదు. తాతగారు తాటిచెట్టెక్కి తెచ్చిన ముంజలని తెలిసిన పిల్లవానికి ముంజల తీపి తగ్గదు గదా. తెలిసికొనుట ఆనందమునకు శత్రువని నేననుకొనను. అయితే దానికొక వేళ యున్నది. తిరుగు ప్రయాణములో వ్యాను చీకటిలో పోవుచుండగా పిల్లలే అడుగుదురు. అప్పుడు తండ్రియొద్ద జవాబుండవలెను. మా చిన్నది మాచెర్ల దాటకముందే అడిగినది: "నాన్నా, ఆ తాత వాళ్ల చింతచెట్టు ఇంకా నీళ్లల్లో ఉందా?"

ఎత్తయిన చోట నిలిచి చూచుటనుగూర్చి ఒకమాట చెప్పవలెను. గోలకొండకు పోయినవారెవరైనను క్రిందిద్వారమువద్ద చప్పట్లు కొట్టి, సుమారు కిలోమీటరు దూరమున పైనున్న బాలా హిస్సారులో ఆ చప్పుడు వినబడునేమో పరీక్షింతురు. తరువాత మెట్లెక్కి, రాజు కూర్చున్నచోట నిలిచి, క్రిందికి చూచి ఫోటోలు తీసికొందురు. అక్కడ నిలిచిన ప్రతివాడును ఒక నిమిషము రాజగును. "మన కోట, మన రాజులు" అని నోట వచ్చును. మన పితరులలో ఎక్కువమంది ఆ మెట్లమీద నిలిచియుంటే రాయి తలమీద పెట్టుకొని నిలిచియుందురు గాని విసనకర్ర క్రింద కాదు. అయినను మనము చూచునది రాజు కన్నులతోనే. సువార్తలో అపవాది మన ప్రభువును మిగుల ఎత్తయిన కొండమీదికి తోడుకొనిపోయి లోకరాజ్యములను, వాటి మహిమను చూపించెను. అదొక చూపు, చూచిన దానిని నాదనుకొనుమని ప్రేరేపించు చూపు. మోషే నెబో కొండమీద నిలిచి దాను వరకు, పడమటి సముద్రము వరకు చూచెను. ఆ నేలమీద ఒక్క అడుగు పెట్టలేదు. తనవారి కొరకు చూచెను, కన్ను మూసెను. కొండ శిఖరములన్నిటి మీదను ఈ రెండు చూపులును పొంచియున్నవి. పిల్లవాని భుజముపట్టి పైకెత్తి "అదిగో చూడు" అన్నప్పుడు మనము వానికి వీటిలో ఏ చూపు నేర్పుచున్నామో కనిపెట్టవలెను.

ఎత్తిపోతల గట్టుమీదనే నేను చూచినది మరియొకటి చెప్పెదను. ఒక కుటుంబమువారు, మావారు కారు, జలపాతము వెనుకకు వచ్చునట్లు నిలువబడి ఫోటో తీసికొనబోయిరి. ఒక స్త్రీ చీపురు పట్టుకొని, యాత్రికులు పారవేసిన విస్తరాకులు, ప్లాస్టిక్ సీసాలు గోనెలోనికి ఎత్తుచు వారి ఫోటోకు అడ్డమువచ్చినది. "కొంచెం పక్కకు జరుగమ్మా" అని ఒకరు మర్యాదగానే అనిరి. ఆమెయు మర్యాదగానే జరిగినది. ఎవరును కఠినముగా మాటలాడలేదు, ఎవరును నొచ్చుకొనలేదు. అయినను ఆ ఫోటోలో జలపాతము, బిడ్డల నవ్వు, శుభ్రమైన గట్టు ఉండును; గట్టును శుభ్రము చేసినామె ఉండదు. పాతకాలపు రాజులు పలకలమీద చేసినదే మనము ఒక్క క్షణములో చేయగలము. దానికి కిరీటము అక్కరలేదు.

లూకా సువార్త ఇరువదియొకటవ అధ్యాయమును ఈ కన్నుతో చదివిన తరువాత నేను దానిని మునుపటివలె చదువలేకున్నాను. హేరోదు కట్టింప మొదలుపెట్టిన దేవాలయమును కొందరు చూచి, చక్కని రాళ్లతోను, అర్పణలతోను అది ఎంత శృంగారముగా నున్నదో చెప్పుకొనుచుండిరి. పల్లెలనుండి వచ్చినవారు గదా, ఆశ్చర్యపడుట సహజము. దానికి సరిగా ముందున్న వచనములలో మన ప్రభువు ఏమి చూచుచున్నాడు? కానుకపెట్టెలో రెండు చిన్న నాణెములు వేసిన బీద విధవరాలిని. చోటొకటే. అందరి కన్నులు రాళ్లమీద నిలిచినవి, ఆయన కన్ను ఆమెమీద నిలిచినది. ఆ అందమైన రాళ్లు ఏవారి నాణెములతో కొనబడినవో ఆయన చూచెనని నేననుకొనుచున్నాను. యూదుల చరిత్రకారుడైన యోసేపస్ వ్రాసిన దానినిబట్టి, ఆ దేవాలయపు పని ముగిసినప్పుడు 18,000 మందికి పైగా పనివారు పని లేనివారైరి. వారికి కూలి దొరకుటకై పట్టణపు వీథులలో తెల్లరాయి పరపించిరట. కొద్ది సంవత్సరములకే, క్రీ.శ. 70లో, రోమా సైన్యము ఆ దేవాలయమును పడగొట్టెను.

తెలిసికొన్నందువలన ప్రయోజనమేమి, చచ్చినవారికి కూలి తిరిగి చెల్లింపగలమా అని అడుగువారుందురు. చెల్లింపలేము. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయులకు చెప్పినదియు చెల్లింపుమని కాదు. వారు కట్టని పట్టణములలో నివసింపబోవుచున్నారు, త్రవ్వని బావుల నీరు త్రాగబోవుచున్నారు, నాటని ద్రాక్షతోటల ఫలము తినబోవుచున్నారు. అట్లు తిని తృప్తిపొందినప్పుడు మరువకుండ జాగ్రత్తపడుడని హెచ్చరించెను. కడుపు నిండిన వేళనే మరపు వచ్చునని అతడెరుగును. సాగరు కాలువ క్రింద పండిన బియ్యమును మనలో తినని ఇల్లు ఏది? ఆనకట్టను చూడబోయిననాడే కాదు, ప్రతి దినమును మన పళ్లెములో మునిగిన ఊళ్లును, మోసిన తలలును ఉన్నవి. మరి ఆనకట్టవద్దనే ఎందుకు తలంచవలెననగా, అక్కడికి మనము పోయినదే చూచుటకు. పనిదినమున తలవంచి నాట్లు వేయువానికి ఇవన్నియు తలంచుటకు తీరికయుండదు. కన్నులకొరకే కేటాయించిన ఆ ఒక్క దినమునైనను కన్ను తెరువకపోయినచో మరియెప్పుడు తెరచెదము?

ఇది మన సంఘములకు పరులకథ కాదు. మన పల్లెలనుండి ఇప్పటికిని పిల్లలు హైదరాబాదునకు, బెంగళూరునకు మేస్త్రీలవెంట పోయి, వారెన్నటికిని కాపురముండలేని మేడలకు ఇటుకలు మోయుచున్నారు. ఆ మేడలమీదను ఎవరో ఒకరు 'కట్టించిరి' అని పలక పెట్టుదురు. కోత కోసినవాని కూలి బిగబట్టినచో ఆ కూలియే మొఱ్ఱపెట్టునని యాకోబు తన పత్రికలో వ్రాసెను. మనలో కూడ కొద్దిపాటి ఇల్లు కట్టించువారున్నారు. గృహప్రతిష్ఠ ప్రార్థనకు నన్ను పిలిచినప్పుడు తాపీమేస్త్రీకి, రాళ్లెత్తిన ఆడవారికి లెక్క ముట్టినదా అని ముందుగా అడుగుట నా అలవాటు. కొందరికది కష్టముగా నుండును. అయినను అడుగుచున్నాను.

నన్ను బాధించినది మరియొకటి యున్నది. మా వెంట వచ్చిన డిగ్రీ చదువుచున్న యువకుడొకడు ఆనకట్టమీద నిలిచి నాతో, "మా నాయనమ్మ ఇక్కడ పనిచేసిందంట అయ్యగారూ" అనెను. మంచి మాటే. కాని చెప్పునప్పుడు గొంతు తగ్గించి, తన స్నేహితులు వినుచున్నారేమోనని చుట్టు చూచెను. ఇక్ష్వాకురాజుల సంగతి మాత్రము అందరికి వినబడునట్లు చదివి వినిపించినవాడు అతడే. రాజులు అతనికేమి కావలెను? నాయనమ్మ మోసిన రాయి అతని కాళ్లక్రింద నున్నది, దానిమీద నిలిచి అతడు సిగ్గుపడుచున్నాడు. ఆ సిగ్గును అతనికి నేర్పినదెవరు? పిల్లలకు మనము ఇన్నాళ్లు చెప్పుచు వచ్చిన ఆ ఒక్క వాక్యమే, కట్టించినవాని పేరు మాత్రమే చెప్పి ఊరకున్న ఆ వాక్యమే, నేర్పినదని నా అభిప్రాయము.

మా సంఘములో ఆ కట్టమీద రాళ్లు మోసినవారు ఇంకను ముగ్గురున్నారు. ఇద్దరు స్త్రీలు, ఒక పురుషుడు. ఆ యువకుని నాయనమ్మ వారిలో ఒకామె. మోసినప్పుడు వీరికి పదునాలుగు పదునైదేండ్లు. వారెక్కడ నిదురించిరి, ఏమి తినిరి, కూలి ఎట్లిచ్చిరి, వారి కన్నులయెదుట ఎవరు జారిపడిరి, ఏ పాటలు పాడుకొనుచు మోసిరి అని ఇంతవరకు మా బడిలోగాని గుడిలోగాని ఎవరును అడుగలేదు. వచ్చు ఆదివారము ఆరాధన తరువాత సండేస్కూలు పిల్లలయెదుట వారిని కూర్చుండబెట్ట నిశ్చయించితిమి. ప్రశ్నలు పిల్లలే వ్రాసికొని రావలెను. చెప్పినదానిని నోటుపుస్తకములో ఎక్కించు పని ఆ డిగ్రీ యువకునికి అప్పగించితిని, అతడు ఒప్పుకొనెను. ఒకామెకు వినికిడి తక్కువ గనుక పిల్లలు ఆమెకు దగ్గరగా చాపమీద కూర్చుండి కొంచెము గట్టిగా అడుగవలెను.